ఒకే క్యాబినెట్‌లో రెండు కంప్యూటర్లు: ఏవి పంచుకోవచ్చు, ఏవి పంచుకోకూడదు

సంక్షిప్తంగా: రెండు కంప్యూటర్లను ఒకే పెట్టెలో ఇమడ్చడం పైకి కొలతల సమస్యలాగే కనిపిస్తుంది. కానీ అసలు చిక్కులు కరెంటు దగ్గర, ఎర్తింగు దగ్గర, గాలి దగ్గర ఎదురవుతాయి. ఒకటి పెద్దది, రెండోది చిన్నది అయినప్పుడే ఈ అమరిక చక్కగా కుదురుతుంది. పెట్టె గోడలు, ఎర్తు తప్ప మిగతావన్నీ రెండింటికీ వేర్వేరుగా ఉంచడం ఎందుకు మేలో ఈ వ్యాసం వివరిస్తుంది.

రెండో కంప్యూటరు అవసరం ఎక్కడ పుట్టింది

ఇంట్లో రెండో కంప్యూటరు పెట్టుకోవడానికి కొన్నేళ్ల కిందటి వరకు ఎక్కువగా వినిపించిన కారణం ఆటల ప్రత్యక్ష ప్రసారం. ఒక యంత్రం మీద ఆట నడుస్తుంటే, ఆ దృశ్యాన్ని కుదించి ఇంటర్నెట్‌కు పంపే పనిని రెండో యంత్రానికి అప్పగించేవారు. ఆ కుదింపు పని ప్రాసెసర్ మీద పడితే ఆట తడబడుతుంది కాబట్టి ఈ విభజన అవసరమయ్యేది. 2018లో ఎన్విడియా ట్యూరింగ్ తరం గ్రాఫిక్స్ కార్డులతో వచ్చిన కుదింపు విభాగం నాణ్యత బాగా మెరుగుపడడంతో ఆ అవసరం చాలామందికి తీరిపోయింది.

ఇప్పుడు ముందుకు వచ్చిన కారణం వేరు. ఫోన్లలోని ఫొటోలు దాచుకోవడానికి, సీసీటీవీ కెమెరాల దృశ్యాలు నమోదు చేయడానికి, ఇంట్లో అందరికీ అందుబాటులో ఉండే ఫైళ్ల కోసం రోజంతా ఆగకుండా నడిచే చిన్న సర్వరు ఒకటి కావాలి. ఆ పనికి పెద్ద కంప్యూటరునే ఆన్‌లో ఉంచవచ్చు కదా అన్న ప్రశ్నకు జవాబు కరెంటు బిల్లులో దొరుకుతుంది. గ్రాఫిక్స్ కార్డు ఉన్న పెద్ద యంత్రం ఏ పనీ లేకుండా ఉన్నప్పుడు 70 వాట్లు తీసుకుంటుందనుకుంటే, ఏడాదికి 613 యూనిట్లు అవుతాయి. 15 వాట్లతో సరిపెట్టుకునే చిన్న బోర్డు అయితే 131 యూనిట్లతో పోతుంది. ఏటా 480 యూనిట్లకు పైగా తేడా. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఇళ్ల కరెంటుకు శ్లాబుల పద్ధతి ఉంది కాబట్టి, ఈ అదనపు యూనిట్లు ఆ ఇంటి వాడకం చేరుకున్న పై శ్లాబు ధరకే పడతాయి.

అయితే ఈ లెక్క రెండో కంప్యూటరును సమర్థిస్తుందే గాని, రెండింటినీ ఒకే పెట్టెలో పెట్టమని చెప్పదు. పెట్టె ఒకటి కావడం వల్ల దక్కేవి వేరే ఉన్నాయి: బల్ల మీద చోటు, తీగల గందరగోళం తగ్గడం, దుమ్ము దులపడానికి ఒకే వస్తువు ఉండడం. వీటికోసం ఎంత శ్రమ, ఎంత ఖర్చు తగునో తేల్చుకున్నాకే కోత మొదలుపెట్టాలి.

ఆలోచన పాతదే

ఒక పెట్టెలో రెండు యంత్రాలను కాపురం పెట్టించే ప్రయత్నాలు 1980ల నుంచే ఉన్నాయి. 1987లో వచ్చిన అమీగా 2000 కంప్యూటరులో బ్రిడ్జ్‌బోర్డు అనే కార్డు గుచ్చితే, ఆ కార్డు మీదే ఐబీఎం పీసీకి సరిపడే మరో కంప్యూటరు నడిచేది. 1994లో ఆపిల్ సంస్థ మెకింతాష్ క్వాడ్రా 610లో ఇంటెల్ 486 ప్రాసెసర్ ఉన్న కార్డు పెట్టి, డాస్ ప్రోగ్రాములు కూడా నడిచే నమూనాను అమ్మింది. ఈ రెండింటిలోనూ అతిథి కంప్యూటరు పూర్తిగా ఆతిథేయి మీద ఆధారపడినదే. పెద్దది ఆగితే చిన్నదీ ఆగుతుంది.

సర్వర్ల రంగం మరో దారి పట్టింది. సూపర్‌మైక్రో సంస్థ 2007లో తెచ్చిన 1యూ ట్విన్ నమూనాలో 44.45 మిల్లీమీటర్ల ఎత్తున్న ఒకే అరలో రెండు పూర్తి మదర్‌బోర్డులు పక్కపక్కన ఉండేవి, రెండింటికీ ఒకే ఎస్‌ఎంపీఎస్ (ప్లగ్గులోని కరెంటును కంప్యూటరుకు తగ్గ వోల్టేజీలకు మార్చి ఇచ్చే పెట్టె) కరెంటు ఇచ్చేది. ఆ ఎస్‌ఎంపీఎస్ పోతే రెండు సర్వర్లూ పోయేవి. రెట్టింపు ఎత్తుతో, నాలుగు బోర్డులు పట్టే తర్వాతి 2యూ నమూనాలో ఒకటి పోయినా రెండోది మోసేలా జంట ఎస్‌ఎంపీఎస్‌లు పెట్టారు. ఇంట్లో చేసుకునేవారు ఈ అనుభవాన్ని గుర్తుంచుకోవడం మంచిది. కరెంటును పంచుకోవడం మొదలుపెట్టిన చోట, దానికి విడిగా ఒక కాపు కూడా పెట్టక తప్పలేదు.

ఇళ్లకోసం తయారైన వాటిలో కోర్సెయిర్ సంస్థ 2018లో విడుదల చేసిన ఆబ్సిడియన్ 1000డి బాగా తెలిసినది. పెద్ద మదర్‌బోర్డు ఒకటి, మినీ ఐటీఎక్స్ అనే చిన్న కొలత బోర్డు ఒకటి పట్టే ఈ క్యాబినెట్ దాదాపు 70 సెంటీమీటర్ల ఎత్తు ఉంటుంది, ఖాళీగా ఉన్నప్పుడే 30 కిలోలకు దగ్గరగా తూగుతుంది. ఇందులోనూ ఒక్కో యంత్రానికి ఒక్కో ఎస్‌ఎంపీఎస్ చొప్పున రెండు పెట్టుకోవాలి. ఇంత బరువు, ఇంత ధర ఎందుకనుకునేవారే సొంతంగా పెట్టె కట్టుకోవడానికి సిద్ధపడుతున్నారు.

కొలతలు: ముందే ఖరారైనవి

సొంత పెట్టె అన్నంత మాత్రాన కొలతలన్నీ సొంతవి కావు. మదర్‌బోర్డుల పరిమాణాలు, స్క్రూల చోట్లు, వెనక కిటికీ కొలత ఎప్పుడో స్థిరపడ్డాయి. 1995లో ఇంటెల్ రూపొందించిన ఏటీఎక్స్ ప్రమాణం ప్రకారం బోర్డు 305 మిల్లీమీటర్ల పొడవు, 244 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. మైక్రో ఏటీఎక్స్ బోర్డు 244కు 244, వీఐఏ సంస్థ 2001లో తెచ్చిన మినీ ఐటీఎక్స్ 170కి 170. వెనకవైపు యూఎస్‌బీ, నెట్‌వర్క్ వంటి రంధ్రాలు బయటికి కనిపించే కిటికీ ఏ బోర్డుకైనా 158.75కు 44.45 మిల్లీమీటర్లే. కార్డులు గుచ్చే గాడుల మధ్య దూరం 20.32 మిల్లీమీటర్లు.

ఈ చివరి రెండు కొలతల్లో ఒక మిల్లీమీటరు తేడా వచ్చినా గ్రాఫిక్స్ కార్డు గాడిలో సరిగా దిగదు, లేదా దిగి బోర్డును వంచుతుంది. అందుకే అనుభవం ఉన్నవారు ఆ భాగాన్ని కొత్తగా కోయరు. పాత క్యాబినెట్ ఒకటి తెచ్చి, మదర్‌బోర్డు బిగించే పళ్లెం, దానికి అతుక్కుని ఉన్న వెనక పలక విప్పి తీసుకుంటారు. పాత క్యాబినెట్లలో ఇవి ఎక్కువగా రివెట్లతో బిగించి ఉంటాయి. రివెట్ తల మీద 3.2 మిల్లీమీటర్ల డ్రిల్ బిట్ పెట్టి తల ఊడేదాకా తొలిస్తే చాలు, రేకు చెడకుండా భాగం విడిపోతుంది. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ చుట్టుపక్కల గాని, ఏ పట్టణంలోనైనా కంప్యూటర్లు బాగుచేసే దుకాణంలో గాని ఇలాంటి పాత క్యాబినెట్ దొరకడం కష్టం కాదు.

స్క్రూల విషయం చిన్నదే అయినా పని ఆపేయగలదు. క్యాబినెట్లలో, ఎస్‌ఎంపీఎస్‌కు, 3.5 అంగుళాల హార్డ్ డిస్కులకు వాడేది 6-32 అనే అమెరికన్ మర. ఎస్‌ఎస్‌డీలకు వాడేది ఎం3 మెట్రిక్ మర. మామూలు హార్డ్‌వేర్ దుకాణంలో ఎం3 దొరుకుతుంది, 6-32 సాధారణంగా దొరకదు. రెండూ చూపుకు ఒకేలా ఉంటాయి గాని, ఒకదాని చోట మరొకటి బలవంతంగా తిప్పితే మర అరిగిపోతుంది. పాత క్యాబినెట్‌తో వచ్చిన స్క్రూలను, బోర్డును పళ్లేనికి తగలకుండా కాస్త ఎత్తున నిలిపే స్టాండాఫ్‌లను ఒక డబ్బాలో దాచడం అందుకే.

ఇక మందం. బల్లమీద పెట్టె ఎంత వెడల్పు ఆక్రమిస్తుందన్నది ప్రాసెసర్ మీద కూర్చునే కూలర్ ఎత్తు నిర్ణయిస్తుంది. టవర్ కూలర్లు 160 మిల్లీమీటర్ల దాకా ఉంటాయి. రెండు యంత్రాలకూ అలాంటివే వాడి, బోర్డులను వీపు వీపు ఆనించి నిలబెడితే, స్టాండాఫ్‌లు, తీగల కోసం వదిలే చోటు కలిపి మందం 365 మిల్లీమీటర్లు దాటుతుంది. రెండోది 65 మిల్లీమీటర్ల పొట్టి కూలర్ ఉన్న మినీ ఐటీఎక్స్ అయితే అదే మందం 270కి దిగుతుంది. సమాన బలం ఉన్న రెండు యంత్రాలకు కాకుండా, ఒక పెద్ద, ఒక చిన్న యంత్రాల జోడీకే ఈ అమరిక నప్పుతుందనడానికి ఇది మొదటి కారణం. గాలి లెక్కల్లో రెండో కారణం కనిపిస్తుంది.

ఎస్‌ఎంపీఎస్ ఒకటా, రెండా

ఈ ప్రశ్న దగ్గరే ఎక్కువమంది పొరబడతారు. 750 వాట్ల ఎస్‌ఎంపీఎస్ ఉంది, పెద్ద యంత్రం 500 వాట్లకు మించి తీసుకోదు, చిన్నదానికి 40 చాలు, మరి రెండోది ఎందుకు అన్నది సహజమైన ఆలోచన. వాట్ల లెక్క వరకు అది నిజమే. కానీ ఎస్‌ఎంపీఎస్‌కూ మదర్‌బోర్డుకూ మధ్య కరెంటుతో పాటు సంకేతాలు కూడా నడుస్తాయి. ఆ సంకేతాలు ఒక ఎస్‌ఎంపీఎస్‌కు ఒక బోర్డు అన్న లెక్కతోనే రూపొందాయి.

మదర్‌బోర్డుకు గుచ్చే 24 పిన్‌ల కనెక్టరును దగ్గరగా చూస్తే విషయం తేలుతుంది. అందులో ఊదా రంగు తీగ ఒకటి ఉంటుంది. కంప్యూటరు ఆపి ఉన్నా సరే, ప్లగ్గులో కరెంటు ఉన్నంతసేపు ఆ తీగ మీద 5 వోల్టుల స్టాండ్‌బై కరెంటు ఉంటుంది. పవర్ బటన్ నొక్కినప్పుడు ఆ కొద్దిపాటి కరెంటుతో మేలుకుని ఉన్న బోర్డు, 16వ పిన్‌లోని ఆకుపచ్చ తీగను గ్రౌండుకు కలుపుతుంది. అదే ఎస్‌ఎంపీఎస్‌కు ఆజ్ఞ. 12, 5, 3.3 వోల్టుల సరఫరాలు మొదలై నిలకడగా నిలిచాక, ఎస్‌ఎంపీఎస్ 100 నుంచి 500 మిల్లీసెకన్ల లోపు బూడిద రంగు తీగ ద్వారా అంతా సవ్యంగా ఉందని బదులిస్తుంది. ఆ బదులు అందాకే ప్రాసెసర్ లేస్తుంది. ఆపేటప్పుడు బోర్డు ఆకుపచ్చ తీగను వదిలేస్తుంది, ఎస్‌ఎంపీఎస్ పడుకుంటుంది.

ఇప్పుడు అదే ఎస్‌ఎంపీఎస్‌కు రెండు బోర్డులు తగిలించారనుకుందాం. మొదటి బోర్డు ఆకుపచ్చ తీగను కిందికి లాగిన క్షణాన రెండో బోర్డుకు కూడా 12 వోల్టులు వచ్చిపడతాయి, అది అడగకపోయినా. కొన్ని బోర్డులు దాన్ని పట్టించుకోవు, కొన్నింటి ఫ్యాన్లు తిరగడం మొదలవుతుంది, కొన్ని వాటంతట అవే లేస్తాయి. ఆపేటప్పుడు మరీ కష్టం. ఆకుపచ్చ తీగ ఒక్క బోర్డుకే కలిపి ఉంటే, ఆ బోర్డును ఆపగానే రెండోదానికి కరెంటు కాళ్ల కింద నుంచి లాగేసినట్టు పోతుంది. ఫైళ్లు రాస్తున్న సర్వరుకు ఇది ప్రమాదం.

రెండు బోర్డుల్లో ఏది అడిగినా ఎస్‌ఎంపీఎస్ లేచేలా ఆకుపచ్చ తీగలను డయోడ్ల (కరెంటును ఒకే దిశలో పోనిచ్చే భాగాల) ద్వారా కలిపే పద్ధతి ఒకటి ఉంది. అక్కడా ఒక మెలిక ఉంటుంది. ఆ తీగ మీద వోల్టేజీ 0.8 కంటే తక్కువ ఉంటేనే ఎస్‌ఎంపీఎస్ దాన్ని ఆజ్ఞగా లెక్కిస్తుంది. మామూలు సిలికాన్ డయోడ్ మీదే 0.6 నుంచి 0.7 వోల్టులు పోతాయి కాబట్టి హద్దుకు అంచున నిలుస్తుంది, ఒకరోజు లేస్తుంది, మరోరోజు లేవదు. 0.3 వోల్టులు మాత్రమే పోయే షాట్కీ డయోడ్ వాడితే ఆ అనిశ్చితి తీరుతుంది. అయినా అడగని బోర్డుకు 12 వోల్టులు పోవడమనే మొదటి సమస్య అలాగే ఉంటుంది. దాన్ని తీర్చడానికి ఒక్కో బోర్డుకు వెళ్లే సరఫరాలను విడిగా తెరిచి మూసే సర్క్యూటు కావాలి. ఫాంటెక్స్ వంటి సంస్థలు రెండు యంత్రాలకు ఒకే ఎస్‌ఎంపీఎస్ పంచడానికి అలాంటి విభజన బోర్డులను అమ్మాయి.

రెండో ఎస్‌ఎంపీఎస్‌ను సమర్థించే విషయం మరొకటి ఉంది. ఎస్‌ఎంపీఎస్ ఎంత తక్కువ వృథాతో కరెంటు అందిస్తుందో చెప్పే 80 ప్లస్ ముద్రల్లో చాలావాటికి ఆ సామర్థ్యాన్ని కొలిచేది 20, 50, 100 శాతం భారాల దగ్గర. 750 వాట్ల ఎస్‌ఎంపీఎస్ మీద రాత్రంతా 15 వాట్ల సర్వరు ఒక్కటే నడిస్తే అది 2 శాతం భారం. అంత తక్కువ దగ్గర ఎంత వృథా అవుతుందో ఆ ముద్ర చెప్పదు, సామర్థ్యం మాత్రం కచ్చితంగా బాగా పడిపోతుంది. చిన్న బోర్డుకు 12 లేదా 19 వోల్టుల విడి అడాప్టరు, లేదా 125 మిల్లీమీటర్ల వెడల్పు ఉండే చిన్న ఎస్‌ఎఫ్‌ఎక్స్ ఎస్‌ఎంపీఎస్ ఇస్తే ఈ వృథా తగ్గుతుంది.

తెలుగు ఇళ్లలో అన్నిటికంటే బరువైన కారణం యూపీఎస్. ఇళ్లలో ఎక్కువగా కనిపించే 600 వీఏ యూపీఎస్ మోయగలిగేది సుమారు 360 వాట్లు. పెద్ద యంత్రం పూర్తి భారం మీద ఉండగా కరెంటు పోతే అది నిలబడదు, దానితో పాటు సర్వరూ పడిపోతుంది. రెండింటికీ విడి ఎస్‌ఎంపీఎస్‌లు, విడి తీగలు ఉంటే సర్వరును మాత్రమే యూపీఎస్‌కు తగిలించవచ్చు. 40 వాట్లకు అదే యూపీఎస్ చాలాసేపు నిలుస్తుంది, హార్డ్ డిస్కుల మీద రాస్తున్న ఫైళ్లు క్షేమంగా ఉంటాయి. పెట్టె వెనక ఒకే తీగ ఉంటే అందంగా ఉంటుందని లోపల రెండుగా చీల్చేవారు ఈ ప్రయోజనాన్ని చేతులారా వదులుకుంటున్నారు.

ముట్టుకుంటే జిల్లుమనడం వెనక

క్యాబినెట్‌ను చేత్తో తాకినప్పుడు సన్నగా జిల్లుమనే అనుభవం మన ఇళ్లలో చాలామందికి ఉన్నదే. రెండు కంప్యూటర్లను ఒకే లోహపు పెట్టెలో పెట్టినప్పుడు ఇది పెరుగుతుంది. ఎందుకో తెలుసుకోవడం అవసరం, ఇందులో నిర్లక్ష్యానికి చోటు లేదు.

ప్రతి ఎస్‌ఎంపీఎస్ లోపల, కరెంటు వచ్చే చోట, విద్యుత్ రొదను వడకట్టే చిన్న కెపాసిటర్లు ఉంటాయి. ఫేజు తీగ నుంచి ఒకటి, న్యూట్రల్ నుంచి ఒకటి ఎస్‌ఎంపీఎస్ లోహపు ఒంటికి కలిపి ఉంటాయి. ఎర్తు సరిగా ఉన్న ప్లగ్గులో ఈ కెపాసిటర్ల గుండా జారే సూక్ష్మమైన కరెంటు మూడో పిన్ గుండా భూమిలోకి పోతుంది, ఎవరికీ తెలియదు. ఎర్తు లేకపోతే ఆ లోహపు ఒళ్లు ఫేజుకూ న్యూట్రల్‌కూ నడుమ వేలాడుతూ 115 వోల్టుల దగ్గర నిలుస్తుంది. కాలు నేల మీద పెట్టి తాకినవారి ఒంటి గుండా ఆ కరెంటు దారి వెతుక్కుంటుంది.

ఆ కెపాసిటర్ 4.7 నానోఫారడ్లు అనుకుంటే, 230 వోల్టులు, 50 హెర్ట్జ్ దగ్గర దాని గుండా పోయేది సుమారు 0.34 మిల్లీయాంపియర్లు. మనిషికి కరెంటు స్పర్శ తెలియడం మొదలయ్యేది దాదాపు 0.5 మిల్లీయాంపియర్ల దగ్గర. అంటే ఒక ఎస్‌ఎంపీఎస్ ఉన్నప్పుడు తెలియనిది, రెండోది అదే లోహపు పెట్టెకు బిగించగానే 0.68కి చేరి చేతికి తగులుతుంది. రెండు యంత్రాలు విడిగా ఉన్నప్పుడు లేని జిల్లు ఒక్క పెట్టెలో చేరాక ఎందుకు వచ్చిందన్న సందేహానికి జవాబు ఇదే. ఏ యంత్రమూ చెడిపోలేదు, రెండు చిన్న లీకులు ఒకచోట చేరాయి.

పరిష్కారం పెట్టెలో లేదు, గోడలోని ప్లగ్గులో ఉంది. మూడో రంధ్రానికి నిజంగా ఎర్తు తీగ వచ్చిందో లేదో ఎలక్ట్రీషియన్ చేత పరీక్ష చేయించాలి. పెట్టెలోని లోహపు భాగాలన్నీ, తలుపులు సహా, పెయింటు గీకిన చోట బిగించిన తీగతో ఒకదానికొకటి కలిసి ఉండాలి. రెండు ప్లగ్గులు వాడితే రెండింటికీ ఎర్తు ఒకే చోటినుంచి రావడం మంచిది. జిల్లు పోవడానికి మూడో పిన్ విరిచేసేవారు కనిపిస్తుంటారు. దానివల్ల జిల్లు ఏమాత్రం తగ్గదు, పైగా ఎస్‌ఎంపీఎస్ లోపల ఇన్సులేషన్ చెడిన రోజున ప్రాణాపాయం నుంచి కాపాడే ఏకైక దారి మూసుకుపోతుంది.

గాలి: రెండు ముక్కులు, రెండు ఊపిర్లు

కంప్యూటరు తీసుకున్న కరెంటంతా చివరికి వేడిగా మారుతుంది. 500 వాట్ల యంత్రం అంటే 500 వాట్ల హీటరే. ఆ వేడిని మోసుకుపోయే గాలి లోపలికి వచ్చినప్పటికంటే 10 డిగ్రీలు మాత్రమే ఎక్కువ వేడెక్కాలంటే సెకనుకు దాదాపు 42 లీటర్ల గాలి కావాలి. 120 మిల్లీమీటర్ల మామూలు ఫ్యాను ఏ అడ్డూ లేకుండా సెకనుకు 25 లీటర్ల దాకా తోయగలదు. ముందు జాలీ, దాని వెనక దుమ్ము వడపోత ఉంటే అందులో సగమే ఆశించాలి. అంటే పెద్ద యంత్రం ఒక్కదానికే గాలి లోపలికి తోయడానికి మూడు, నాలుగు ఫ్యాన్లు కావాలి. 40 వాట్ల చిన్న యంత్రానికి ఒక్క ఫ్యాను నెమ్మదిగా తిరిగినా ఎక్కువే.

చిక్కు గాలి పరిమాణంలో కంటే అది నడిచే వరసలో ఉంది. రామగుండం, రెంటచింతల వంటి చోట్ల మే నెలలో బయట 45 డిగ్రీలు కొత్త కాదు, ఏసీ లేని గదిలో 40 అనుకుందాం. పెద్ద యంత్రం వదిలిన 50 డిగ్రీల గాలి చిన్న యంత్రం ఉన్న అరలోకి చేరితే, అందులోని హార్డ్ డిస్కు దాని చుట్టూ ఉన్న గాలి కంటే మరో 10 డిగ్రీలు వేడిగా ఉండడం మామూలే. మొత్తం 60. సాధారణ 3.5 అంగుళాల హార్డ్ డిస్కులకు తయారీదారులు పెట్టే హద్దు అదే. అదే డిస్కు గదిలోని గాలిని నేరుగా పీల్చుకుంటే 50 దగ్గర నిలుస్తుంది. ప్రాసెసర్ వేడెక్కితే తన వేగం తానే తగ్గించుకుని ప్రాణం కాపాడుకుంటుంది, హార్డ్ డిస్కుకు ఆ వెసులుబాటు లేదు. ఇంటి ఫొటోలన్నీ ఉండేది దాని మీదే.

కాబట్టి రెండు అరల మధ్య పూర్తి గోడ ఉండాలి. తీగలు దాటే రంధ్రాలకు రబ్బరు వలయాలు పెట్టాలి. రెండింటికీ ముందునుంచి లోపలికి, వెనకనుంచి బయటికి ఒకే దిశలో గాలి నడవాలి. ఒకటి ముందునుంచి పీల్చి, రెండోది ముందుకే వదిలితే గోడ ఉన్నా లాభం లేదు. పెట్టెను బల్ల కింద గోడకు ఆనించి పెడితే వెనక వదిలిన వేడిగాలి తిరిగి ముందుకు చుట్టుకొస్తుంది, అందుకని వెనక కనీసం జానెడు చోటు వదలాలి. వేడిగాలి పైకి పోతుందని చిన్న యంత్రాన్ని కింద పెట్టడం మంచిదే, కానీ ఫ్యాన్లు తోసే గాలి ముందు ఆ సహజ చలనం బలం చాలా తక్కువ.

రెండు పెద్ద యంత్రాలైతే ఈ లెక్క మొత్తం రెట్టింపవుతుంది. 1000 వాట్ల వేడి, సెకనుకు 84 లీటర్ల గాలి, ఏడెనిమిది ఫ్యాన్లు. ముందు పలకలో వాటికి చోటు దొరకడమే కష్టం.

రేకా, చెక్కా

ప్లైవుడ్ పెట్టె వేడిని బంధిస్తుందన్న భయం పూర్తిగా నిజం కాదు, పూర్తిగా అబద్ధమూ కాదు. ఒక చదరపు మీటరు ఉపరితలం ఉన్న రేకు పెట్టె, గది కంటే 5 డిగ్రీలు వేడిగా ఉన్నప్పుడు, గోడల గుండా వదిలేది ఉజ్జాయింపుగా 50 వాట్లు. 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ అయితే అందులో దాదాపు సగం. 500 వాట్లలో ఈ తేడా ఏపాటిది? మిగతా 90 శాతానికి పైగా వేడి ఫ్యాన్ల గాలితోనే పోతుంది కాబట్టి, గాలి దారి బాగుంటే చెక్క పెట్టె కూడా పనిచేస్తుంది.

చెక్కతో అసలు లోటు వేరు. లోహపు పెట్టె రేడియో తరంగాలను లోపలే ఆపుతుంది, చెక్క ఆపదు. ముఖ్యంగా యూఎస్‌బీ 3 తీగలు, పోర్టుల నుంచి వెలువడే రొద 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో పడుతుంది, వైర్‌లెస్ మౌసులు, పాత వైఫై వాడేది అదే ప్రాంతం. ఒక యంత్రం హార్డ్ డిస్కులో ఫైళ్లు కాపీ అవుతుంటే రెండో యంత్రం మౌసు తడబడడం ఈ కారణంగానే జరుగుతుంది. మౌసు రిసీవరును చిన్న యూఎస్‌బీ తీగతో దూరంగా తీసుకొస్తే సర్దుకుంటుంది. చెక్కలో బిగించినప్పుడు మదర్‌బోర్డు స్క్రూల ద్వారా ఒంటికి చేరే గ్రౌండు కూడా ఉండదు. పాత క్యాబినెట్ పళ్లేన్నే చెక్క పెట్టె లోపల వాడి, దాన్ని ఎస్‌ఎంపీఎస్ ఒంటికి కలిపితే రెండు లోట్లూ చాలావరకు తీరతాయి.

రేకుతో చేయించుకునేవారికి హైదరాబాద్ బాలానగర్‌లో గాని, విజయవాడ ఆటోనగర్‌లో గాని రేకు కోసి వంచే షెడ్లు ఉన్నాయి. 20 కిలోల బరువు మోయాలి కాబట్టి అడుగు పలకకు 1 మిల్లీమీటరు కంటే పల్చటి రేకు వద్దు. అంచులు లోపలికి మడిపిస్తే బలం వస్తుంది, చేతులు తెగవు.

చప్పుడు

ఒకే స్థాయిలో చప్పుడు చేసే రెండు ఫ్యాన్లు కలిస్తే పెరిగేది 3 డెసిబెల్లే. కానీ ఫ్యాను వేగం సగానికి తగ్గిస్తే చప్పుడు సుమారు 15 డెసిబెల్లు తగ్గుతుంది. అందుకని తక్కువ ఫ్యాన్లు వేగంగా తిప్పడం కంటే ఎక్కువ ఫ్యాన్లు నెమ్మదిగా తిప్పడం మంచిది. హార్డ్ డిస్కులు రెండున్నప్పుడు మాత్రం మరో ఇబ్బంది వస్తుంది. నిమిషానికి 7200 చుట్లు తిరిగే రెండు డిస్కుల వేగాల్లో అతి స్వల్పమైన తేడా ఉన్నా, రెండు ప్రకంపనలూ కలిసి పెట్టె రేకులో పెరుగుతూ తరుగుతూ ఉండే ఒక మూలుగును పుట్టిస్తాయి. డిస్కుల కింద రబ్బరు మెత్తలు పెడితే అది పోతుంది.

పెట్టె కట్టకుండానే

రెండో యంత్రం పని చిన్నదైతే, అరచేతి కంప్యూటరును పాత క్యాబినెట్‌లోనే దాచవచ్చు. ఇంటెల్ నక్ తరహా చిన్న కంప్యూటర్లు సుమారు 117కు 112 మిల్లీమీటర్లు ఉంటాయి, పొట్టి నమూనాల ఎత్తు 40 మిల్లీమీటర్ల లోపే. ఒకప్పుడు సీడీ డ్రైవు పెట్టుకున్న అర 146 మిల్లీమీటర్ల వెడల్పు, 41 మిల్లీమీటర్ల ఎత్తు ఉంటుంది, అందులో ఇది సరిగ్గా కూర్చుంటుంది. ముందు మూత తీసేసి జాలీ పెట్టి, దాని అడాప్టరు తీగను వెనకనుంచి బయటికి తెస్తే చాలు.

ఒకే బలమైన యంత్రంలో వర్చువల్ మెషీన్‌గా, అంటే సాఫ్ట్‌వేర్‌తో సృష్టించిన విడి కంప్యూటరుగా, సర్వరును నడపడం మరో దారి. రోజంతా పెద్ద యంత్రం నడవాల్సి వస్తుంది కాబట్టి మొదట చెప్పిన 613 యూనిట్ల లెక్క తిరిగి వస్తుంది. పెద్ద యంత్రం ఎలాగూ రోజంతా పనిచేసే ఇంట్లో మాత్రం ఇదే మేలైన దారి.

కోతకు ముందు అట్టపెట్టె

పెట్టె కట్టాలనే నిర్ణయించుకుంటే, రేకు మీద గీత గీయక ముందు అదే కొలతలతో ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టెతో నమూనా చేసుకోవడం ఎంతో డబ్బు ఆదా చేస్తుంది. పళ్లేలు, ఎస్‌ఎంపీఎస్‌లు, ఫ్యాన్లు అందులో బిగించి, గ్రాఫిక్స్ కార్డు తీగ మూతకు తగలకుండా వంగుతుందో లేదో, చిన్న యంత్రాన్ని శుభ్రం చేయడానికి పెద్దదాన్ని ఆపాల్సి వస్తుందో లేదో చూడాలి. రెండింటికీ రెండు వైపులా విడి తలుపులు ఉంటే, సర్వరు నడుస్తుండగానే పెద్ద యంత్రం దుమ్ము దులపవచ్చు.

తర్వాత యంత్రాలు ఆపి ఉంచి, ఫ్యాన్లకు మాత్రం 12 వోల్టుల అడాప్టరుతో కరెంటు ఇచ్చి, వెలిగించిన అగరబత్తిని అట్టకు తగలనివ్వకుండా వెనక జాలీ పక్కన పట్టుకోవాలి. పెద్ద యంత్రం వదిలిన గాలి పొగను నేరుగా వెనక్కి తోసుకుపోతే అమరిక సరిగా ఉన్నట్టే. పొగ పక్కకు తిరిగి చిన్న యంత్రం గాలి పీల్చే వైపు పాకితే, మధ్య గోడను వెనక పలక దాటి రెండు మూడు అంగుళాలు బయటికి పొడిగించి మళ్లీ చూడాలి. అట్టముక్క మీద ఆ మార్పుకు పట్టేది ఒక కత్తెర, కాస్త టేపు.